మా పాత కంప్యూటరూ, నేనూ

మా ఇంట్లో కంప్యూటరు 2013లో అబ్బాయి చదువు కోసం కొన్నది. వాడు ఉద్యోగానికి వెళ్ళాక అది నా పాలబడింది. నేను ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను లెండి. ఎవరికి ఎన్ని కిలోల ఆవకాయ, ఎవరెంత బాకీ, అన్ని లెక్కలూ దాంట్లోనే.

ఈమధ్య అది మరీ మొరాయించడం మొదలెట్టింది. పొద్దున్నే స్విచ్చి వేసి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. "పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యి, కొత్తది కొందాం" అన్నారు మావారు. కొనడమంటే మాటలా? చేతిలో ఉన్న డబ్బు మామిడికాయలకీ, నూనెకీ దాచింది. అది తీస్తే ఈ ఏడాది నా వ్యాపారం అటకెక్కినట్టే!

అబ్బాయికి ఫోన్ చేశాను. "అమ్మా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కి, మెమరీ ఎంత వాడుతోందో చూడు" అన్నాడు. చూద్దును కదా, నూటికి తొంభై పైనే! ఉన్నదంతా 2 జీబీ. హార్డ్ డిస్కు కొట్టుగది అనుకుంటే, మెమరీ వంటింటి గట్టు. గట్టు ఇరుకైతే ప్రతి డబ్బాకీ కొట్టుగదికి పరిగెత్తాల్సిందే. ఇక వంట ఎప్పటికయ్యేను?

మెమరీలో రకాలున్నాయి. డీడీఆర్3కి 240 కాళ్ళు, డీడీఆర్4కి 288. మధ్యలో గాడి కూడా వేరేచోట ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. మాది డీడీఆర్3. విండోస్ 64 బిట్‌దేనా అని కూడా అబ్బాయి ముందే చూడమన్నాడు. మామూలుగా మన ఇళ్ళలో వాడే 32 బిట్ రకమైతే 4 జీబీకి మించి వాడుకోలేదట. 4 జీబీవి రెండు తెచ్చాను. పది కిలోల ఆవకాయ డబ్బు కూడా కాలేదు.

మధ్యాహ్నం ప్లగ్గు పీకేసి, పక్కరేకు విప్పాను. ఒంట్లో ఉండే కరెంటు ఆ ముక్కలకి తగలకుండా ముందు లోపలి ఇనప చట్రాన్ని ముట్టుకోవాలి. పాత ముక్క తీసి, కొత్తవి గాడి చూసి పెట్టి, స్విచ్చి వేశాను. బీప్, బీప్, బీప్! తెర నల్లగానే ఉంది. నా గుండె జారిపోయింది. బాకీల లెక్కలన్నీ గంగపాలే అనుకున్నాను.

"కొట్టుగదికేం కాలేదమ్మా. గట్టే సరిగ్గా కూర్చోలేదు. ప్లగ్గు తీసి మళ్ళీ నొక్కు" అని నవ్వాడు అబ్బాయి. చివర్లలో ఉండే కొక్కేలు టిక్కుమని పడేదాకా నొక్కాను. ఈసారి కాఫీ కలిపేలోపే నా లెక్కలు తెర మీదున్నాయి!

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. మాది విండోస్ 10. మామూలుగా ఉచితంగా వచ్చే భద్రతా సవరణలు దానికి 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అందుకని బ్యాంకు పనులు దీంట్లో పెట్టుకోను.

సాయంత్రం మావారొచ్చి, "ఎవర్ని పిలిపించావ్?" అన్నారు. నేను మాట్లాడకుండా స్క్రూడ్రైవరు చూపించాను. మర్నాడు ఆయనే సంచీ పట్టుకుని మామిడికాయలకి బయల్దేరారు.