మా అనుమాన నివృత్తి

అనుమానము పెనుభూతమని పెద్దలు చెప్పుదురు. ఆ భూతము ఇండ్లలోనే గాక కళాశాల ప్రయోగశాలలో సైతము ప్రవేశింపగలదని గడచిన విద్యా సంవత్సరములో మేము స్వానుభవముతో తెలుసుకొన్నాము. తెలిసిన దానిని తోటి విద్యార్థుల ముందుంచుట మా విధి. అంతకంటె ముఖ్యముగా, కళాశాల కమిటీ పెద్దలకు మేమొక సంజాయిషీ బాకీ పడియున్నాము. ఈ వ్యాసము ఆ రెండు పనులకును ఉద్దేశింపబడినది.

మా కంప్యూటరు ప్రయోగశాలలో 18 యంత్రములు కలవు. ఒక్కొక్క దానిలో 2 జీబీ ర్యామ్ మాత్రమే ఉండెడిది. జావా పాఠము కొరకు నెట్‌బీన్స్ తెరచినచో, తెర మీద గుండ్రని గుర్తు తిరుగుచుండగా మేము కిటికీలో నుండి వేపచెట్టును చూచుచు కూర్చుండెడివారము. మా విన్నపమును ఆలకించి కమిటీవారు చందాల సొమ్ములో నుండి ప్రతి యంత్రమునకు మరొక 2 జీబీ ర్యామ్‌ను కరీంనగర్‌లోని ఒక చిన్న దుకాణము నుండి తెప్పించినారు. ప్రాక్టికల్ పరీక్షలకు అప్పటికి మూడు వారముల గడువున్నది.

కొత్త ర్యామ్ అమర్చిన మరునాడు యంత్రపు వివరముల పుటను తెరచి చూచినాము. అమర్చిన మెమొరీ 4 జీబీ అనియు, వాడుకకు లభించునది 2.96 జీబీ మాత్రమే అనియు అందులో కనిపించినది. రిసోర్స్ మానిటర్‌లో చూడగా 1,065 ఎంబీ "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" అను పద్దు కింద ఉన్నది. "ఒక జీబీ గాయబ్!" అని ఉర్దూ మాధ్యమపు మిత్రుడొకడు కేక వేసినాడు. 18 యంత్రములకు లెక్క కట్టగా 18 జీబీలకు పైబడి గాయబైనట్లు తేలినది. దుకాణదారుడు కమిటీని మోసగించినాడని మేమందరము ఏకగ్రీవముగా తీర్మానించినాము. ఉర్దూలోను, తెలుగులోను ఫిర్యాదు వ్రాసి, సంతకములు సేకరించి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంచినాము. అతనికి చెల్లింపవలసిన మిగిలిన పైకము నిలిచిపోయినది.

అంతటితో ఆగక మాలో కొందరము దుకాణమునకు పోయి, బేరగాండ్ర ఎదుటనే ఆ పెద్దమనిషిని నిలదీసినాము. ఆయన కోపగించుకొనలేదు. "బేటా, నా సామానులో ఖోట్ ఉన్నదంటే ఒక్కొక్క ర్యామ్‌ను ఒంటరిగా పెట్టి చూడుండ్రి. తక్కువ చూపితే పైసలన్నీ వాపసు ఇస్తా" అని మాత్రమే అన్నారు. ఆ మాట మాకు రుచింపలేదు గాని, పరీక్షించి చూచుటకు అడ్డు చెప్పుటెట్లు?

మరునాడు పని మొదలుపెట్టినాము. యంత్రమును విప్పి, ర్యామ్‌ను తీసి, దాని పసుపు పళ్ళను రబ్బరుతో తుడిచి మరల బిగించినాము. మార్పు లేదు. పాత ర్యామ్‌ను తీసివేసి కొత్తదానిని ఒంటరిగా పెట్టినాము. 2 జీబీ చూపినది. తెరమీది బొమ్మల కొరకు తీసుకొన్న కొద్ది భాగము తప్ప అంతయు వాడుకకు వచ్చినది. పాతదానిని ఒంటరిగా పెట్టినను అంతే. ఒక్కొక్కటి విడిగా నిండుగా ఉన్నది. రెండును కలిసినప్పుడే ఒక జీబీ లోపించుచున్నది. లోపము వస్తువులో లేదని ఆ క్షణముననే మాకు తెలిసినది. తెలిసియు ఒకరి ముఖము ఒకరు చూచుకొని మిన్నకున్నాము.

ఇక కారణమును వెదకవలెను. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో "మాగ్జిమమ్ మెమొరీ" అను గడి కలదు. ఒక యంత్రములో ఎవరో మెమొరీ పెరుగునని తలచి దానికి టిక్కు పెట్టియున్నారు. నిజమునకు అది పరిమితి విధించునదే గాని పెంచునది కాదు. టిక్కు తీసివేసినాము. కాని తక్కిన 17 యంత్రములలో అటువంటి టిక్కు లేకున్నను లోటు అట్లే ఉన్నది. బయోస్‌లోనికి పోయి "మెమొరీ రీమ్యాప్" అను దానిని అమలుపరచినాము. అప్పటికిని 2.96 జీబీయే.

కడెం ప్రాంతము నుండి వచ్చిన మిత్రుడొకడు ప్రాజెక్టుల పోలిక తెచ్చినాడు. "మన దిగువ మానేరు జలాశయము 24 టీఎంసీలదని చెప్పుకొందుము. కాని తూము మట్టమునకు దిగువనున్న నీరు కాలువకెక్కదు. దానిని డెడ్ స్టోరేజి అందురు. ఇదియు అట్టిదే" అని అతని వాదము. మాకు కొంత ఊరట కలిగినది. మా అధ్యాపకులు విని, "పోలిక బాగున్నది, కాని అది స్థితిని చెప్పినది, హేతువును చెప్పలేదు. మీ విండోస్ ఎన్ని బిట్లది?" అని ప్రశ్నించినారు. చూచినాము. 32 బిట్లది.

అప్పుడాయన ఉర్దూ, తెలుగు కలిపి విశదపరచినారు. మెమొరీలోని ప్రతి బైటుకు ఒక పతా, అనగా చిరునామా ఉండవలెను. 32 బిట్లతో వ్రాయగల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే. అది సరిగా 4 జీబీ. ఆ చిరునామాలన్నియు ర్యామ్‌కే చెందవు. తెరకు బొమ్మలందించు భాగము, నెట్‌వర్క్ కార్డు, బయోస్ చిప్పు మొదలగునవి సైతము ఆ వరుసలోనే తమ తమ నంబర్లను తీసుకొనును. 2 జీబీ ఉన్నంతకాలము పై నంబర్లు ఖాళీగా ఉండెను గనుక తగవు రాలేదు. 4 జీబీ నింపగానే ర్యామ్‌లోని పై భాగమునకు నంబర్లు చాలలేదు. "ఇల్లు ఉన్నది, పతా లేదు. పతా లేని ఇంటికి డాకియా ఎట్లు పోగలడు?" అని ఆయన నవ్వినారు. రీమ్యాప్ చేసినచో ఆ భాగమునకు 4 జీబీకి పైన కొత్త నంబర్లు లభించును. కాని మేము వాడుచున్న 32 బిట్ల విండోస్ ఆ ఎత్తునకు చూడదు.

ఇది కొత్త సంగతి కాదని కూడ ఆయన చెప్పినారు. 1981లో ఐబీఎం సంస్థ వెలువరించిన పీసీలోని 8088 ప్రాసెసరు 1,024 కేబీ వరకే చిరునామాలు ఇయ్యగలిగెడిది. అందులో 640 కేబీ ప్రోగ్రాములకు వదలి, 384 కేబీ తెరకును, రామ్ చిప్పులకు భిన్నమైన రోమ్ చిప్పులకును కేటాయించినారు. 1985లో ఇంటెల్ 80386తో 32 బిట్లు వచ్చినప్పుడు 4 జీబీ అనునది ఆకాశమంత అనిపించినది. 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో ఆ కుటుంబపు ప్రాసెసర్లు 64 బిట్లకు విస్తరించినవి.

రెండు ఘాతము 32 విలువను మేము పరీక్షలో ఎన్నిసార్లు వ్రాయలేదు! ఆ సంఖ్యయే మా కన్నుల ఎదుట తెర మీద నిలిచినప్పుడు గుర్తింపలేక, ఒక నిజాయితీపరుని దొంగయన్నాము. కంఠస్థమైన విద్యకును, అర్థమైన విద్యకును గల దూరము ఇంతటిది.

మా ప్రాసెసర్లు 64 బిట్లకు తగినవేయని తేలినది. విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసియున్నది. విండోస్ 11 మా పాత యంత్రములకు నప్పదు. కావున అధ్యాపకుల అనుమతితో, పాఠముల ఫైళ్ళను వేరుగా భద్రపరచి, 64 బిట్ల లినక్స్‌ను ఖర్చు లేకుండ ఎక్కించినాము. రీమ్యాప్‌ను అమలులోనే ఉంచినాము. ఇప్పుడు దాదాపు 3.8 జీబీ వాడుకకు వచ్చుచున్నది. మిగిలిన కొంచెము తెరమీది బొమ్మలకును, యంత్రపు సొంత పనులకును పోవుచున్నది. అది దొంగతనము కాదు, అమానత్. ఆ కొంత లేనిచో మేము చూచుటకు తెరయే వెలుగదు.

ప్రాక్టికల్ పరీక్షలు సకాలమున జరిగినవి. ఫిర్యాదును వాపసు తీసుకొని, దాని స్థానమున రెండు భాషలలోను క్షమాపణ వ్రాసినాము. సంతకము చేసిన వారందరము మరల సంతకము చేసినాము. నిలిచిన పైకమును కమిటీవారు వెంటనే ఇప్పించినారు. బేరగాండ్ర ఎదుట నిందించినాము గనుక బేరగాండ్ర ఎదుటనే క్షమింపుమని అడుగుట న్యాయమని తోచి మరల దుకాణమునకు పోయినాము. ఆ పెద్దమనిషి చాయ్ తెప్పించి, "కారణమేమిటో నాకు కూడా చెప్పుండ్రి, మళ్ళీ ఎవరైనా అడిగితే చెప్పాలె గద" అన్నారు. గల్లాపెట్టె పక్కన నిలిచి ఆయనకు పతా లేని ఇంటి కథ చెప్పినాము. అంత శ్రద్ధగా విన్న శ్రోత మాకు తరగతిలో సైతము లభింపలేదు.

సోదర విద్యార్థులారా! యంత్రము లెక్క తప్పినట్లు కనిపించినప్పుడు ముందుగా దానిని విప్పి చూడుడు, ఒక్కొక్క భాగమును విడిగా పరీక్షింపుడు, పుస్తకములో చదివిన దానిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మనిషిని అనుమానించుట అన్నింటికంటె చివరి మెట్టు కావలెను. మేము దానిని మొదటి మెట్టుగా చేసికొన్నాము. అందులకు కమిటీ పెద్దలు మమ్ము మన్నింతురుగాక.