సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే మోటారే పోయిందనుకోవద్దు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి. ఇంట్లో పాత బండి ఉన్నోళ్లకు పనికొస్తది.

మాది అమరచింత దగ్గర తండా. మా బా దగ్గర 1986 మోడల్ పెట్రోల్ అంబాసిడర్ ఉంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును చూసి చేసిన బండి అది. 2014లోనే తయారీ ఆగిపోయింది. మాకు మాత్రం ఇప్పటికీ అదే అన్నం పెడుతది. పెళ్లిళ్లకు, ఆత్మకూరుకు, గద్వాలకు కిరాయికి పోతది.

పోయిన చలికాలం ఒక రాత్రి రెండు గంటలకు పక్కింటి వదినకు నొప్పులు వచ్చినయి. బా పోయి తాళం తిప్పిండు. సెల్ఫ్ ‘గుర్... గుర్...’ అని మూలిగింది తప్ప ఇంజన్ అందుకోలేదు. ఆరుగురం నెట్టితే స్టార్ట్ అయింది. ఆస్పత్రికి టైముకు చేరినం, తల్లీబిడ్డా బాగున్నరు. కానీ తెల్లారినంక ఎవరో "రాత్రిపూట ఆ బండిని నమ్మలేం" అన్నరు. బా ఆ రోజు సరిగా అన్నం తినలేదు.

మెకానిక్‌కు చూపిస్తే సౌండ్ విని, "సెల్ఫ్ మోటార్ పోయింది, మార్చాలె, నాలుగు వేలు అయితది" అన్నడు. బ్యాటరీ మార్చి ఏడాది కూడా కాలేదు. యాడి చెల్లె ఇంటర్ ఫీజుకు దాచిన డబ్బులు తీసి బా చేతిల పెట్టింది. నేను వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతున్న. "బా, రెండు రోజులు ఆగు, ఒకసారి కొలిచి చూస్త" అన్న. దోస్తు దగ్గర మల్టీమీటర్ తెచ్చుకున్న.

ముందు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంట్ వచ్చే వైరు పీకిన. ముందర ఉన్న రంధ్రంలో హ్యాండిల్ పెట్టి తిప్పితే ఇంజన్ మామూలుగానే తిరిగింది. అంటే ఇంజన్ పట్టేయలేదు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్న. బ్యాటరీ వీక్ అయితే లైట్లు బాగా డల్ అయితయి. మా బండికి లైట్లు వెలుగుతనే ఉన్నయి, సెల్ఫ్ మాత్రం ఈడ్చుకుంటనే ఉంది.

తర్వాత మీటర్ పెట్టిన. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు. సెల్ఫ్ కొడుతుంటే 11.4. అదే 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీనో, ఎక్కువ కరెంట్ లాగుతున్న మోటారునో అనుమానించాలె. ఇక్కడ బ్యాటరీ దగ్గర వోల్టేజీ ఉంది, మోటారుకే అందుతలేదు. అప్పుడు బా మెల్లగ, "సెల్ఫ్ రెండు మూడు సార్లు కొడితే చోక్ గుబ్బ కాలుతదిరా" అన్నడు. అసలు సంగతి అక్కడే ఉంది.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటది. దాన్ని బాడీతో కలిపేది ఒక అల్లిక ఎర్త్ పట్టీ. అది పాడైతే కరెంట్ ఇంకో దారి వెతుక్కొని చోక్ తీగలకెళ్లి పోతది, అందుకే గుబ్బ కాలేది. ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ కొడితే మీటర్ 2.6 చూపించింది. అర వోల్టు దాటొద్దు. పాజిటివ్ వైపు బ్యాటరీ నుంచి మోటారు దాకా 0.3 మాత్రమే, అది సరిగ్గనే ఉంది. సెల్ఫ్ వందకు పైన ఆంపియర్లు లాగుతది. 150 ఆంపియర్లు పోయేటప్పుడు 0.01 ఓమ్ అడ్డం ఉన్నా ఒకటిన్నర వోల్టులు పోతయి. అంత చిన్న ఓమ్‌లు మామూలు మీటర్‌లో కనబడవు. అందుకే సెల్ఫ్ తిరుగుతున్నప్పుడే వోల్టులు చూడాలె.

కిందికి దూరి చూస్తే పట్టీ పచ్చగ చిలుము పట్టి, సగం తీగలు తెగి ఉంది. రెండు వందల లోపు కొత్తది వచ్చింది. బోల్టుల దగ్గర తుప్పును సాండ్ పేపర్‌తో గీకి, బిగించి, పైన గ్రీజు రాసిన. మళ్లీ కొలిస్తే 0.2. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. చెల్లె ఫీజు డబ్బులు మళ్లీ యాడి పెట్టెలకు పోయినయి.

ప్రతిసారీ ఎర్త్ పట్టీయే కారణమని చెప్తలేను. రెండు వైపుల వైర్లు బాగుండి కూడా నెమ్మదిగా తిరిగితే అప్పుడు మోటారు విప్పాలె: కార్బన్లు అరిగినయా, బుష్‌లు అరిగి ఆర్మేచర్ లోపల రాసుకుంటుందా చూడాలె. ఒకేసారి పది సెకన్ల కన్నా ఎక్కువ సెల్ఫ్ కొట్టొద్దు, మోటారు కాలుతది.

ఒక్క మాట చెప్పి ముగిస్త. మూడో తరగతిలో నన్ను మొద్దు అన్నరు. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు. సారు చెప్పేది నాకు అందేది కాదు. నన్ను కూడా ఎవరూ కొలిచి చూడలేదు. మన తండాలల్ల ట్యూషన్ చెప్పే అన్నలు, అక్కలు వెనకబడ్డ పిల్లను చూస్తే ముందు ఎక్కడ అందుతలేదో అడగండి. చోక్ గుబ్బ సంగతి బాకు ముందే తెలుసు, ఎవరూ అడగలేదు అంతే.

మీ బండ్ల సంగతి కూడా రాయండి. మీటర్ నా దగ్గరే ఉంది, సెలవుల్లో వచ్చినప్పుడు తెస్త.