పొరల నడుమ మనుషులు

యంత్రం నడుస్తున్నచోట దాని ప్రక్కన నిలబడిన మనిషి సాధారణంగా మన కంటికి ఆనడు. కదిలే వస్తువు చూపును తనవైపు లాగుకొంటుంది. విశ్వవిద్యాలయంలోని మా ప్రయోగశాలను చూడవచ్చిన వారిలో పలువురు అడిగే ప్రశ్న ఒక్కటే: "అంతా యంత్రమే చేసుకొంటున్నప్పుడు ఇక్కడ ఇంతమంది ఎందుకండీ?" పన్నెండేళ్ళుగా అక్కడ అధ్యాపకుడిగా ఉన్న నాకు ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం చెప్పడం ఎన్నడూ సాధ్యపడలేదు. చెప్పవలసింది యంత్రాన్ని గురించి కాదు, మనుషులను గురించి కావడమే అందుకు కారణం.

మా ప్రయోగశాలలో రెండు విద్యలు కలిసి కాపురం చేస్తుంటాయి. ఒకటి రోబోలను నిర్మించే విద్య. రెండవది త్రీడీ ప్రింటింగ్ అని మీరెరిగిన విద్య. శిల్పి రాతిలో అక్కరలేనిదాన్ని తొలగించి బొమ్మను వెలికితీస్తాడు. త్రీడీ ప్రింటింగ్ అందుకు విరుద్ధమైన మార్గం. మన పల్లెలలో మట్టిగోడ పెట్టే తీరును తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. ఒక వరుస మట్టి వేసి, అది కొంత గట్టిపడిన పిమ్మట దానిపై మరొక వరుస వేస్తారు. మా యంత్రం ప్లాస్టిక్ తీగను సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, 0.4 మిల్లీమీటర్ల రంధ్రం గుండా సన్నని దారంగా పోస్తుంది. ఒక్కొక్క పొర మందం 0.2 మిల్లీమీటర్లు. పది సెంటీమీటర్ల ఎత్తుగల వస్తువు తయారు కావాలంటే అయిదువందల పొరలు ఒకదానిపై ఒకటి పేరుకోవాలి.

ఈ విద్య ఎదుగుదలలో విశ్వవిద్యాలయాల పాత్ర గొప్పది. 1980వ దశకంలో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్ అనే విద్యార్థికి, పొడిని లేజరు కిరణంతో పొరలు పొరలుగా అతికించి వస్తువులు చేయవచ్చునన్న ఆలోచన కలిగింది. జో బీమన్ అనే యువ ఆచార్యుడు ఆ ఆలోచనను ఆదరించాడు. తొలి ప్రయోగాలలో ఆ పొడిని డెకార్డ్ స్వయంగా చేతితో చల్లుకొన్నాడు. 2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ అనే అధ్యాపకుడు, తన భాగాలను చాలావరకు తానే తయారు చేసుకోగల యంత్రాన్ని నిర్మించే పనికి పూనుకొన్నాడు. దాని నమూనాలను ఆయన అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాడు. లక్షల విలువచేసే యంత్రం మావంటి సామాన్య విద్యాలయాల గుమ్మం తొక్కడానికి అటువంటి ఔదార్యమూ ఒక కారణమే.

ఇక మా మనుషుల సంగతి. సర్క్యూట్లు అతికే యువకుడు ఉన్నాడు. రోబో చేతికి కదలికలు నేర్పే ప్రోగ్రాములు వ్రాసే పరిశోధకురాలు ఉంది. రాత్రి కాపలా ఉండే వృద్ధుడు ఉన్నాడు. పెద్ద వస్తువులు రాత్రంతా తయారవుతూ ఉంటాయి. ఒక్కొక్కసారి అడుగు పొర బల్లనుండి ఊడి వస్తుంది. యంత్రానికి అది తెలియదు. గాలిలోనే దారం పోస్తూ ఉంటుంది. తెల్లవారేసరికి తీగల ముద్ద మిగులుతుంది. కాపలా తాత అద్దంలోనుండి ఈ స్థితిని గుర్తించడం తనంత తాను నేర్చుకొన్నాడు. "మాస్టారూ, లోపల మిషను సేమ్యా పోస్తోందండీ" అని ఆయన ఫోనులో చెప్పే మాట మా ప్రయోగశాలలో సామెతగా నిలిచిపోయింది.

ఆ ఫోను అందుకొనే మాస్టారు మా సాంకేతిక సహాయకుడు. ఆయన వడ్రంగుల ఇంట పుట్టి, ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకొన్నారు. ఇరవై ఏళ్ళు దాటినా ఒప్పంద ఉద్యోగిగానే ఉన్నారు. ఆ ఒప్పందం ప్రతి జూన్ నెలలోనూ పునరుద్ధరణ కావలసిందే. వానకాలంలో ప్లాస్టిక్ తీగ గాలిలోని తేమను పీలుస్తుంది. అటువంటి తీగ వేడి గొట్టంలోకి వెళ్ళినప్పుడు తేమ ఆవిరై సన్నగా చిటపటమంటుంది. గది నిండా ఫ్యాన్ల హోరు ఉన్నా, ఆ చప్పుడు ఆయన చెవికి తప్పక సోకుతుంది. "తీగ తడిసింది, ఆరబెట్టాలి" అంటూ యంత్రాన్ని ఆపుతారు. ఆ తరువాత కొలిచి చూస్తే ఆయన మాట తప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి ఏడవ తరగతి చదివే కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. ఆ బాలునికి పుట్టుకతోనే ఎడమచేతి వేళ్ళు లేవు. అరచేయి, మణికట్టు చక్కగా ఉన్నాయి. అటువంటి పిల్లల కొరకు ఒక కృత్రిమ హస్తం నమూనా ఉన్నదని మేము ఎరుగుదుము. దాని కథ కూడా చేతిపనివారి కథే. దక్షిణాఫ్రికాలో రిచర్డ్ వాన్ ఆస్ అనే వడ్రంగి 2011లో రంపపు ప్రమాదంలో వేళ్ళు పోగొట్టుకొన్నాడు. అమెరికాలో యాంత్రిక హస్తాలు చేసే ఐవాన్ ఓవెన్ అనే కళాకారుని సహాయంతో ఒక హస్తాన్ని రూపొందించాడు. మణికట్టును వంచితే దారాలు బిగిసి వేళ్ళు ముడుచుకొంటాయి. 2013లో వారిద్దరూ ఆ నమూనాను లోకానికి ఉచితంగా ఇచ్చారు.

మా ఎం.టెక్. విద్యార్థిని ఒకామె ఆ బాలుని కొలతలకు తగినట్లు హస్తాన్ని రూపొందించే బాధ్యత స్వీకరించింది. వేళ్ళ ఉపరితలం నునుపుగా రావాలని వాటిని యంత్రంపై నిలువుగా నిలబెట్టి తయారుచేయించింది. చూడముచ్చటగా వచ్చాయి. కాని ఆ చేతితో నీళ్ళ సీసా పట్టుకోగానే రెండు వేళ్ళు పుటుక్కున విరిగాయి. పిల్లవాడు విరిగిన ముక్కలవైపు చూచి, చేతిని మెల్లగా వెనుక దాచుకొన్నాడు. గదిలో ఎవ్వరమూ మాట్లాడలేకపోయాము. ప్లాస్టిక్ రకాన్ని మార్చింది, మందాన్ని పెంచింది. మూడు వారాలు గడిచినా వేళ్ళు విరుగుతూనే ఉన్నాయి.

ఒక సాయంత్రం మాస్టారు విరిగిన వేళ్ళన్నీ బల్లపై పేర్చి ఆమెను పిలిచారు. "అమ్మా, అన్నీ అడ్డంగా, పొర దగ్గరే విరిగాయి చూడు. మా నాన్న కట్టెను కోసేముందు దాని ఈనె ఎటున్నదో చూసేవాడు. ఈనె వెంట చీల్చడం తేలిక. ఈనెకు అడ్డంగా విరవడం కష్టం. నీ వేలికి ఈనె అడ్డంగా పడింది. పడుకోబెట్టి పోయించు" అన్నారు. ఆమె అలాగే చేసింది. నునుపు కొంత తగ్గింది. అడుగున ఊతంగా పోసిన ప్లాస్టిక్కును గీకి తీసే శ్రమ పెరిగింది. అయినా వేళ్ళు నిలిచాయి. పది రోజుల తరువాత ఆ పిల్లవాడు మా ఆవరణలో సైకిలును రెండు చేతులతోనూ పట్టుకొని నడిపించుకొంటూ వెళ్ళాడు.

ఆ కృషిపై విద్యార్థిని ఒక పరిశోధన పత్రం సిద్ధం చేసి, రచయితల పేర్లలో మాస్టారి పేరు కూడా వ్రాసింది. పరిశీలించిన సంఘం అభ్యంతరం చెప్పింది. సాంకేతిక సిబ్బంది చేసినది ఉద్యోగధర్మమే గాని పరిశోధన కాదని వారి వాదన. ఆమె వినయంగానే బదులు చెప్పింది: "యంత్రాన్ని నడపడం ఉద్యోగధర్మం సార్. వేలు ఎందుకు విరుగుతున్నదో కనిపెట్టడం పరిశోధన కాదా? ఆయన పేరు లేకపోతే నా పేరు కూడా వద్దు." అప్పటికి ఆమె పట్టా చేతికి రాలేదు. ఆ మాట అనడంలోని ప్రమాదం ఆమెకు తెలుసు. పర్యవేక్షకుడిగా నేనూ ఆమె లేఖపై సంతకం చేశాను. మూడు నెలల ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత ఆ పత్రం అన్ని పేర్లతోనూ వెలువడింది. మాస్టారు తన పేరున్న పుటను చాలాసేపు చూచి, "సార్, దీని ప్రతి ఒకటి మా అమ్మాయికి చూపించవచ్చునా?" అని మాత్రం అడిగారు.

రోబో అన్న మాట పుట్టుక మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకం ద్వారా అది లోకానికి పరిచయమైంది. దానికి మూలమైన 'రోబోటా' అన్న చెక్ పదానికి వెట్టిచాకిరి అని అర్థం. వెట్టి అంటే ఏమిటో తెలుగు నేలకు వేరే చెప్పనక్కరలేదు. పని ఉండి పేరు లేకపోవడం, శ్రమ ఉండి గుర్తింపు లేకపోవడం దాని లక్షణం. వెట్టిని యంత్రానికి అప్పగించాలన్న ఆశతోనే మనిషి రోబోను నిర్మిస్తున్నాడు. ఆ నిర్మాణశాలలోనే మరొక మనిషి పేరు లేకుండా మిగిలిపోతే ఆ ఆశకు అర్థమేమున్నది?

2024 మే 30న శ్రీహరికోటనుండి అగ్నిబాణ్ అనే ప్రయోగాత్మక రాకెట్టు నింగికి ఎగిసింది. మద్రాసు ఐ.ఐ.టి. ప్రాంగణంలో రూపుదిద్దుకొన్న అగ్నికుల్ సంస్థ దానిని నిర్మించింది. దాని ఇంజను మొత్తం ఒకే ముక్కగా త్రీడీ ప్రింటింగులో తయారైనది. ఆ వార్త చదివినప్పుడు మా విద్యార్థులు ఉప్పొంగిపోయారు. నాకు మాత్రం ఆ ఇంజను పొరలను రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉన్నవారు ఎవరై ఉంటారా అన్న ఆలోచన కలిగింది.

పొరలుగా పెరిగే వస్తువుకు బలహీనత పొరలో ఉండదు, రెండు పొరల నడుమ ఉంటుంది. క్రింది పొరలో తగినంత వేడి ఉన్నప్పుడే పైపొర దానితో ఏకమవుతుంది. చల్లారిపోతే కేవలం ఆనుకొని ఉంటుంది. ఆచార్యుడు, విద్యార్థి, ఫిట్టరు, కాపలాదారు కలిసి పనిచేసే చోటికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. రేపు మీలో కొందరు ఇటువంటి ప్రయోగశాలలలో అడుగుపెడతారు. అక్కడి యంత్రాల పేర్లతో పాటు వాటిని నడిపే మనుషుల పేర్లు కూడా తెలుసుకోండి.

పిల్లలు ఎదుగుతారు గనుక వారికి చేసిన హస్తం ఎల్లకాలం సరిపోదు. ఆ బాలుడు ప్రతి వేసవి చివర కొత్త హస్తానికి కొలతలు ఇవ్వడానికి వస్తాడు. టేపు పట్టుకొని కొలిచేది మాస్టారే. తన ఒప్పందం ఇంకా ఏటేటా పునరుద్ధరణ కావలసిన ఆ మనిషి, ఒక పిల్లవాని చేతిని ఏటేటా పునరుద్ధరిస్తున్నారు.