మంచుమూత క్రింద జలస్తంభన

ఓస్లో నగరపు పొలిమేరలో చెర్న్‌స్రూడ్ అని చిన్న మడుగు ఒకటి ఉంది. 2019 ఫిబ్రవరిలో మా తమ్ముడి ఇంట మూడు వారాలున్నాను. విగెలాండ్ శిల్పాల తోట చూచాను. వెయ్యేళ్ళనాటి వైకింగుల ఓడలూ చూచాను. వాటిని గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు గనుక వదిలిపెడుతున్నాను. ఆ ఊరు తలచుకొంటే నాకు ముందు గుర్తుకు వచ్చేది, పేరూ ప్రతిష్ఠా లేని ఆ మడుగే.

తమ్ముడి కూతురికి పదేళ్ళు. అక్కడే పుట్టిన పిల్ల. దాని వెంట రెండు కోట్లు, ఒక శాలువా, మంకీక్యాపు ధరించి, పిండిలాంటి మంచులో కాళ్ళీడ్చుకొంటూ వెళ్ళాను. ఎదుట తెల్లటి మైదానం తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏదమ్మా మీ చెరువు?"

"నువ్వు నిలబడింది దాని నడిమధ్యే, పెదనాన్నా!"

నా కాళ్ళు చల్లబడ్డాయి. అవి అంతకుముందే చల్లగా ఉన్నాయి గనుక ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

"ఏం కాదు, గడ్డ చాలా మందం. కింద చేపలున్నాయి, తెలుసా? మా టీచరు చెప్పింది" అంది.

నీటికి ఒక చిత్రమైన గుణం ఉంది. చల్లబడినకొద్దీ బరువెక్కి అడుక్కు దిగుతుంది. 4 డిగ్రీల దగ్గర ఆ బరువుకు ఆఖరు. ఇంకా చల్లబడితే మళ్ళీ తేలికై పైకి వస్తుంది. అందుకే గడ్డ పైన కడుతుంది. అడుగున 4 డిగ్రీల నీరు నీరుగానే మిగులుతుంది. మంచినీటి చేప నెత్తురు మంచుగా మారాలంటే సున్నకు ఇంకో అర డిగ్రీ క్రిందికి పోవాలి. కనుక చుట్టూ నీరున్నంతకాలం చలివల్ల దానికి ప్రాణభయం లేదు.

భయమంతా ఊపిరికే. మూత పడ్డాక నీటిలోకి గాలి దిగదు. మూతమీద మంచు పరచుకొంటే వెలుతురూ దిగదు. వెలుతురు లేనిదే నీటిమొక్కలు ప్రాణవాయువును పుట్టించలేవు. అడుగున కుళ్ళే ఆకూ అలమూ ఉన్న కాస్తా హరిస్తాయి. నడి శీతాకాలానికి ఇలాంటి చిన్న మడుగులలో ప్రాణవాయువు అన్నది దాదాపు ఉండదు. మంచు కరిగేది ఏప్రిల్‌లో!

తెలుగు మాస్టరును గనుక నాకు వెంటనే దుర్యోధనుడు జ్ఞాపకం వచ్చాడు. జలస్తంభన విద్యతో మడుగులో దాగినవాడు, పాండవుల ఎత్తిపొడుపులు పడలేక ఎంతోసేపు ఉండకుండానే బయటికి వచ్చాడు. ఈ చేప నెలల తరబడి వస్తేనా!

దీన్ని నార్వేవారు కరుస్ అంటారు. ఇంగ్లీషువారికి క్రూషియన్ కార్ప్. గాజుతొట్లలో పెంచుకొనే బంగారుచేపకు దగ్గర చుట్టం. మన శీలావతికీ, బొచ్చెకూ దూరపు చుట్టం. ఓస్లో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు తమ పరిశోధనలకు ఈ మడుగునుంచి కూడా చేపలను పట్టుకొనిపోతుంటారు.

ఇంత చిన్న చేప నన్ను ఎందుకు పట్టుకొన్నదో చెప్పాలి. మా మేనమామగారికి కైకలూరు దగ్గర చేపల చెరువుంది. ఒక శ్రావణమాసంలో మూడు రోజులు వరసగా మబ్బు పట్టింది. ఎండ లేక నీటిలోని నాచు పగలు ప్రాణవాయువును పుట్టించలేదు సరిగదా, రాత్రి అయ్యేసరికి ఉన్నది తానే పీల్చుకొన్నది. అర్ధరాత్రి కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగిపోయాయి. మనుషులు గట్టు చుట్టూ పరుగెత్తి ఆక్సిజన్ బిళ్ళలు చల్లారు. చేపలు నోళ్ళు తెరుచుకొని పైకి తేలాయి. తెల్లవారేసరికి ఆరెకరాల చెరువు తెల్లగా ఉంది. కిలో పైబడ్డ శీలావతులు, అమ్మకానికి పదిహేను రోజులుందనగా. ఆ మేత అప్పు తీరడానికి మామయ్యకు నాలుగేళ్ళూ, వరిచేనులో రెండెకరాలూ పట్టాయి.

మన కొరమీను అయితే బ్రతికేది. అది పైకి వచ్చి నోటితో గాలి మింగుతుంది. కాని ఓస్లోలో ఆ విద్య కూడు పెట్టదు. పైన మూత! కొరమీను అక్కడ నీళ్ళలోనే మునిగి చస్తుంది. నమ్మండి, చేప మునిగి చావడం అనేది ఉంది.

మరి కరుస్ ఏం చేస్తుంది? వేసవి అంతా తిని కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని గాదె నింపినట్లు నింపుకొంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గడం మొదలుకాగానే మొప్పలను సవరించుకొంటుంది. మామూలుగా ఆ మొప్పల రేకుల మధ్య సందులు కణాలతో పూడి ఉంటాయి. కొద్ది రోజులలో ఆ పూడిక రాలిపోయి, రేకులు బయటపడి, ఊపిరి పీల్చే వైశాల్యం ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. పీల్చడానికి ఏమీ మిగలని రోజున గాదె తలుపు తీస్తుంది.

ప్రాణవాయువు లేకుండా చక్కెరను వాడుకోవడం మనకూ తెలుసు. పరుగెత్తేటప్పుడు మన కండరాలు చేసేది అదే. దానివల్ల లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. అది పేరుకొంటే ప్రాణి బ్రతకదు. ఈ చేప మాత్రం ఆ ఆమ్లాన్ని నెత్తురుద్వారా కండరాలకు చేర్చి, అక్కడ దాన్ని సారాయిగా మార్చి, మొప్పలగుండా నీళ్ళలోకి వదిలేస్తుంది. మొదట ఈ సంగతి కెనడాలో షూబ్రిడ్జ్, హొచాచ్కా అనే శాస్త్రజ్ఞులు 1980లో బంగారుచేపలో కనిపెట్టారు. ఈ విద్య ఎలా అబ్బిందో ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాలవారు 2017లో చెప్పారు. సుమారు 80 లక్షల సంవత్సరాల క్రిందట ఈ చేపల పూర్వీకులలో జన్యువులన్నీ రెండింతలయ్యాయట. అదనంగా చేరిన జతలో ఒకటి తన పాత పని మానుకొని సారాయి దారి పట్టింది. కల్లుముంతలో పొంగే ఈస్టుకు తెలిసిన దారే ఇది.

శీతాకాలంలో కరుస్ నెత్తురులో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములకు పైగా సారాయి ఉంటుంది. కారు తోలేవాడికి మన దేశంలో హద్దు 30, నార్వేలో 20. ఈ రెండు దేశాల పోలీసులూ దీన్ని వదలరు.

ఇంత దుబారా విద్య మరొకటి లేదు. ప్రాణవాయువుతో చక్కెరను పూర్తిగా వాడుకొంటే ముప్పై రూపాయల పని జరిగేచోట, ఈ పద్ధతిలో రెండు రూపాయల పనే జరుగుతుంది. మిగిలినదంతా సారాయి రూపంలో నీటిపాలు. అందుకే చలి దీనికి శత్రువు కాదు, రక్షకుడు. చలిలో ప్రాణి అవసరాలన్నీ అణగుతాయి గనుక గాదె నెలల తరబడి వస్తుంది. అదే 20 డిగ్రీల నీటిలోనైతే ఒకటి రెండు రోజులకంటె రాదు. అయినా ఇది తాబేలులా స్పృహ తప్పి పడి ఉండదు. గుండె కొట్టుకొంటూనే ఉంటుంది, చేప మెల్లగా కదులుతూనే ఉంటుంది.

ఈ దుబారాకు ప్రతిఫలం లేకపోలేదు. ప్రాణవాయువు లేని మడుగులో దీన్ని తినే పెద్ద చేపలు బ్రతకవు. వచ్చినవి చలికాలంలో చస్తాయి. ఇల్లు ఇరుకూ చీకటీ అయితేనేం, ఇంకొకడు అడుగు పెట్టలేడు.

ఆ రాత్రి పదకొండు గంటలకు మామయ్యకు ఫోను చేశాను. కైకలూరులో అప్పుడు తెల్లవారుజాము మూడున్నర. పెద్దవాణ్ణి నిద్రలేపానని పాఠకులు కోప్పడవద్దు; ఆ అనర్థం జరిగిన తరువాత ఆయన ఆ వేళకు పడుకొని ఎరుగరు. గట్టుమీదే ఉంటారు. సంగతంతా చెప్పాను.

"ఎంత తూగుతుందిరా?" అన్నారు.

"ఆ మడుగులో పావుకిలో తూగితే గొప్పే."

"ముల్లో?"

"ముల్లెక్కువేనట."

కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ విద్యేదో మన శీలావతికి నేర్పే ఉపాయం కనిపెట్టలేదటనా వాళ్ళు?" అని అడిగారు.

"లేదు మామయ్యా. నేర్పినా మన నీళ్ళ వేడికి ఒక్క రోజు ఆగడమే కష్టం."

"ఒక్క రాత్రి చాలురా" అన్నారు.

వెనుక ఏరియేటరు నీళ్ళు చిమ్మే చప్పుడు వినిపిస్తున్నది. లైటు వేసి చెరువు చూచుకోవాలంటూ ఫోను పెట్టేశారు.