గోడ పడినా నిలిచిన మిద్దె

పిల్లలూ, ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం మీదుగా రాయచూరు వైపు వెళితే, తుంగభద్రకు చేరువలో మాధవరం అనే ఊరు వస్తుంది. ఈ ప్రాంతంలో పాత ఇళ్ళకు పెంకులు గాని, వాలు కప్పు గాని ఉండవు. కప్పు చదునుగా ఉంటుంది. దాని మీద మిరపకాయలు ఎండబెడతారు, ఎండాకాలంలో రాత్రిపూట పడుకుంటారు. ఇవే మట్టిమిద్దెలు.

మట్టి కప్పు వానకు కరిగిపోదా అని మీకు సందేహం కలగవచ్చు. లోపలికి వెళ్ళి చూద్దాం, రండి.

మొదట కనిపించేవి కొయ్య స్తంభాలు. వీటిని కంబాలంటారు. చెమ్మ, చెద సులభంగా తగలకుండా ఒక్కొక్క కంబం కింద రాతి దిమ్మె ఉంటుంది. కంబం తలమీద ఒక అడ్డకొయ్య, దానిమీద దూలం, దూలాల మీద వరుసగా దంతెలు. దంతెల మీద చెక్కలో, కట్టెలో దగ్గరగా పేర్చి, మట్టి పరిచి, అన్నిటికంటె పైన చౌడు వేస్తారు. స్తోమత ఉన్నవారు టేకు వాడేవారు, లేనివారు వేప, తుమ్మ వాడేవారు. వెలుతురు కోసం కప్పులో ఒక రంధ్రం ఉంచేవారు. దాని పేరు గవాచి.

చౌడు అంటే పైరు సరిగా పెరగని ఉప్పునేల మట్టి. అందులో సోడియం ఎక్కువ. తడవగానే దానిలోని సన్నని బంకమట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులను పూడ్చివేస్తవి. నీరు కిందికి దిగలేక పక్కకు జారి, దోనె గుండా బయట పడుతుంది. పొలానికి పనికిరాని మట్టి ఇంటికి గొడుగయిందన్న మాట! అయితే ప్రతి వానకూ కొంత చౌడు కొట్టుకుపోతుంది. అందుకే ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు వేయాలి, దోనెలు శుభ్రం చేయాలి.

ఈ చివరి పని మా ఇంట్లో నాది. అప్పుడు నాకు పదేళ్ళు. ఒక ఏడు మా తాత, "దోనెలో చెత్త తీయప్పా," అన్నాడు. "తీస్తా తాతా," అని నేను గోలీలాటకు పోయాను. నాలుగు రోజులకు ముసురు పట్టింది. దోనె మూసుకుపోయి, నీరు మిద్దె మీద నిలిచి, గోడలోకి దిగింది. అర్ధరాత్రి పెద్ద చప్పుడుతో వీధివైపు గోడ బయటికి పడిపోయింది. అందరం కేకలు వేశాం. కాని కప్పు కదలలేదు! తాత లాంతరు ఎత్తి చూసి, "గోడ పోతే పోనీలేప్పా, కంబాలు నిలబడినాయి గదా!" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు పెద్ద శిక్ష అయింది.

కప్పు బరువును మోసేది గోడ కాదు, కొయ్యచట్రం అని ఆ రాత్రి నాకు తెలిసింది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చి వేలమంది మరణించారు. రాతిగోడలు కూలి, బరువైన మట్టికప్పులు మనుషుల మీద పడినవి. గట్టి కొయ్యచట్రం ఉన్న కొన్ని ఇళ్ళలో మాత్రం గోడలు పడినా కప్పు నిలిచింది, లోపలివారు బతికారు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చింది. హద్దులు మారినా ఇల్లు మారలేదు. నది అవతల కన్నడంలో కూడా స్తంభాన్ని 'కంబ' అనే అంటారు.

ఇప్పుడు మిద్దెలు తీసి సిమెంటు ఇళ్ళు కడుతున్నారు. అది తప్పు కాదు. ఏటా చౌడు మోసే ఓపిక అందరికీ ఉండదు. కాని మీ ఊళ్ళో పాత మిద్దె ఉంటే, అది పోకముందే వెళ్ళి కంబాలు లెక్కపెట్టండి, బొమ్మ గీయండి, ఏ కొయ్య ఏమిటో పెద్దలను అడగండి. దోనె శుభ్రం చేయమని వారు చెబితే మాత్రం, గోలీలు కాసేపు జేబులోనే ఉంచండి!