ముందు బి1, తర్వాతే గ్లూకోజ్

చేవెళ్ల దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక పూల రైతును, వార్డులో చేరిన వారానికి, "పొద్దున్నుంచి ఏం చేసినవు పెద్దాయనా?" అని అడిగాను. "గుడిమల్కాపూర్ మార్కెట్ల బంతిపూలు దించొచ్చిన సార్. రేటు మస్తు పడిపోయింది" అన్నాడు తడుముకోకుండా. ఆ వారమంతా ఆయన వార్డు దాటలేదు. "గిట్లనే మాట్లాడుతుండు సార్. అబద్ధాలాడే మనిషి కాదు" అంది భార్య. నిజమే, అది అబద్ధం కాదు. కొత్త జ్ఞాపకం నిలవనప్పుడు ఆ ఖాళీలోకి మెదడు పాత పనులను తెచ్చి పెడుతుంది. రష్యా వైద్యుడు కోర్సకాఫ్ 1887లోనే ఈ జబ్బు గురించి రాశాడు.

అంతకుముందు సంగతి ఆమే చెప్పింది. నెల రోజులుగా అన్నం ముట్టకుండా మందు మీదే ఉన్నాడు. వాంతులు పట్టుకున్నాయి. తర్వాత ఒకటి రెండుగా కనబడడం, అడుగు తడబడడం మొదలైంది. తాగింది దిగలేదనుకున్నారు. నీరసానికి ఊళ్లోనే గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించారు. బి1 సూది మాత్రం ఎవరూ వేయలేదు.

గ్లూకోజ్‌ను మెదడు వాడుకోవాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్, కావాలి. ఒంట్లో దాని నిల్వ కొన్ని వారాలకు మించి రాదు. తాగేవాళ్ల పేగు దాన్ని సరిగా పీల్చుకోదు కూడా. నిల్వ అడుగంటిన మనిషికి ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చైపోతుంది. ఇక్కడే ఆస్ట్రోసైట్లు దెబ్బతింటాయి. న్యూరాన్లను అల్లుకుని ఉండే సహాయ కణాలివి. న్యూరాన్లకు ఆహారం అందిస్తాయి, న్యూరాన్లు వదిలిన గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు లోపలికి లాగేస్తాయి. బి1 కరువైతే ఈ పని కుంటుపడుతుంది. పోగైన గ్లుటమేట్ పక్కనున్న న్యూరాన్లను చంపుతుంది. లివర్ పాడైనవాళ్లలో రక్తంలో పెరిగిన అమ్మోనియాను మింగి ఉబ్బేవీ ఈ కణాలే. మత్తు కమ్మేది అందుకే.

మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్ వాచ్‌మన్‌కూ అవే లక్షణాలు. భార్య ఆలస్యం చేయకుండా తీసుకొచ్చింది. సిస్టర్ ముందు నరంలోకి థయమిన్ ఎక్కించి, ఆ తర్వాతే గ్లూకోజ్ పెట్టింది. మర్నాటికి కళ్లు మామూలుగా కదిలాయి. నడక కుదురుకోవడానికి వారాలు పట్టింది. జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సూది ఖరీదైనదేమీ కాదు. అందుకే పూల రైతు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కార్తీకం వస్తే "అయ్యప్ప మాలేసుకుంటే మానేస్తడు సార్" అంటారు ఇంటివాళ్లు. ఎంతోమంది నిష్ఠగా మానేస్తారు కూడా, ఆ సంకల్పం అంటే నాకు గౌరవం. కానీ రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లోనే వణుకు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. మత్తు కోసం ఆల్ప్రజోలం కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లదీ ఇదే పరిస్థితి.

ఇంకో సంగతి. 41 రోజులు గడిచి మాల తీశాక "ఇగ మంచిగైన" అని ఒక్క క్వార్టర్‌తో మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు. కానీ లోపల మెదడు సంగతి వేరు. బోరు మోటారు వైరు మీది తొడుగులా నరాల పోగులను కప్పే మైలిన్ పొరను ఆలిగోడెండ్రోసైట్లు తయారుచేస్తాయి. తాగుడు వాటినీ పాడుచేస్తుంది, మెదడు కాపలా కణాలైన మైక్రోగ్లియానూ రెచ్చగొడుతుంది. తాగుడు ఆపిన తొలి 6 వారాల్లో కూడా, ఈ పోగులుండే మెదడు తెల్ల పదార్థంలో మార్పులు ముదురుతూనే ఉన్నాయని 2019లో వెలువడిన ఒక ఎంఆర్ఐ అధ్యయనం చూపింది. అంటే మాల తీసే నాటికి మెదడు ఇంకా కోలుకుని ఉండదు. నెలల తరబడి మానేస్తే మాత్రం కొంత నష్టం పూడుతుంది. స్కాన్లలోనూ ఆ మెరుగు కనబడింది.

ఇంట్లో తాగేవాళ్లుంటే, మాల వేసుకునే ముందే ఒకసారి డాక్టరుకు చూపించండి. ఎంత తాగుతారో, ఎన్నాళ్లుగా అన్నం తినడం లేదో దాచకుండా చెప్పండి. ఎవరైనా గ్లూకోజ్ పెట్టబోతే, ముందు బి1 ఇచ్చారా అని అడగండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.