చిన్న లేత్... మూడు ఊళ్లు

టేబుల్ మీద పట్టేంత లేత్ మిషన్. ఇంటి ప్లగ్గులో పెట్టి స్విచ్చి నొక్కితే చాలు, గిర్రున తిరుగుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కను బిగిస్తే రెండు నిమిషాల్లో వెండిలా మెరిపిస్తుంది. వీడియోల్లో ఆ మెరుపు చూసి మనసు పారేసుకున్నవాళ్లు తక్కువేం కాదు. కొనాలా, వద్దా? కొంటే ఎంతటిది? ఈ ప్రశ్నకు జవాబు దుకాణంలో దొరకదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఒకప్పటి వరంగల్ జిల్లాలో సింహభాగం నుంచి 2016లో జిల్లా కేంద్రాలైన ఈ మూడు పట్టణాల వైపు ఓ చుట్టు చుట్టొస్తే మాత్రం దొరుకుతుంది.

సుత్తి చప్పుడు ఊరు

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని దాదాపు 80 కిలోమీటర్లు వెళితే, జనగామ ఇంకా రాకముందే పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద బొమ్మలు పొడిచే ఊరు. కాకతీయుల కాలంలో గుళ్లకు, రథాలకు రేకు తొడుగులు చేసిన విశ్వకర్మల పని ఇది. ఆ రాజ్యం పోయాక పనీ చిక్కిపోయింది. నిజాముల ఏలుబడిలో మళ్లీ ఊపిరి పోసుకుంది. దేవుడి కవచాలు చేసిన చేతులే నవాబుల ఇళ్లకు పాన్‌దాన్లు, అత్తరు బుడ్లు, వేలాడే దీపాలు చేసిచ్చాయి. ఇప్పుడు ద్వారపాలకులు, ధ్వజస్తంభాల తొడుగులు, సభల్లో అతిథుల చేతిలో పెట్టే జ్ఞాపికలు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

రేకును కాల్చి మెత్తబరుస్తారు. లక్కలాంటి మెత్తటి పదార్థం మీద అంటించి, మొద్దుమొన ఉలితో, చిన్న సుత్తితో వెనక నుంచి కొడుతూ ఉబ్బిస్తారు. తర్వాత ముందునుంచి ముక్కూ చెవీ తీరుస్తారు. కొట్టేకొద్దీ రేకు బిగుసుకుంటుంది, మళ్లీ కాల్చాలి. ఇందులో లేత్‌కు చోటెక్కడ?

బొమ్మలో లేదు. సింహం జూలు, అమ్మవారి నవ్వు ఏ లేత్ మీదా తిరగవు. కానీ దీపపు కుందె కాడ ఉంది. కలశం మెడ ఉంది. మూత మీద బొడిపె, ఆ బొడిపెకు అడుగున మర... గుండ్రంగా ఉన్నదంతా లేత్ సొత్తే. నిజం చెప్పాలంటే పాత్రల దగ్గర ఈ యుద్ధం ఎప్పుడో ముగిసింది. రేకును లేత్ మీద తిప్పుతూ అచ్చుకేసి ఒత్తితే నిమిషాల్లో చెంబు తయారవుతుంది. సుత్తితో చెంబు చేసేవాడు దాని ధరతో పోటీపడలేడు. యంత్రానికి లొంగని నగిషీ మాత్రమే చేతికి మిగిలింది. అందుకే, పెంబర్తి పనివాడు ఓ చిన్న లేత్ తెచ్చుకుంటే కులవృత్తికి అపచారమన్నట్టు ముక్కున వేలేసుకోనక్కర్లేదు. బయట కొనే కాడలూ కడియాలూ తానే చేసుకుంటే, ఆ డబ్బులు ఇంట్లోనే ఉంటాయి కదా!

పైగా చిన్న లేత్‌కు ఇత్తడి అంటే మహా ఇష్టం. ఇనుముకన్నా తేలిగ్గా తెగుతుంది. నూనె చుక్క లేకపోయినా నునుపు వస్తుంది. లెక్క కూడా సులువే. 25 మిల్లీమీటర్ల మెత్తటి ఇనుప కడ్డీని మామూలు హైస్పీడ్ స్టీలు టూల్‌తో కోయాలంటే నిమిషానికి 380 చుట్ల దగ్గర మొదలుపెట్టాలి. అదే లావు ఇత్తడిని దానికి రెట్టింపు, 760 చుట్ల వేగంతో తిప్పినా ఇబ్బంది లేదు. కాకపోతే టూల్ పైభాగాన్ని ఇనుముకు పెట్టినట్టు ఏటవాలుగా కాకుండా చదునుగా సానపట్టాలి. లేదంటే టూల్ ఇత్తడిలోకి ఉడుంలా దిగబడిపోతుంది. ఇనుము పొడవాటి చుట్టలుగా లేస్తే, ఇత్తడి రజను ఇసుకలా ఎగిరి కళ్లలోకి కొడుతుంది. అద్దాలు పెట్టుకోకుండా ఇత్తడి జోలికి పోకూడదు.

మానుకోటలో మరో లెక్క

జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్. ఊరివాళ్ల నోట్లో ఇప్పటికీ మానుకోటే. మిర్చికి పేరున్న మార్కెట్, కాజీపేట-విజయవాడ రైలుమార్గం, చుట్టూ బోర్ల మీద ఆధారపడ్డ చేలు. ఇలాంటి పట్టణాల్లో రోడ్డు పక్కన వెల్డింగు మెరుపుల వెనక, నూనె మరకల నేల మీద ఓ పెద్ద లేత్ కనిపిస్తుంది. ఆరడుగుల బెడ్, బెల్టు కప్పు మీద గ్రీజు, గోడకు దేవుడి పటం. దాని ముందు వరసలో ఉండేవి కళాఖండాలు కావు. రోటవేటర్ షాఫ్టు, ట్రాక్టర్ పిన్ను, కారం గిర్నీ ఇరుసు, బోరు మోటారు బుష్.

షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోటు అరిగిందనుకోండి. కొత్తది కొనకుండా, అరిగినచోట వెల్డింగుతో లోహం నింపి, లేత్ మీద మళ్లీ అసలు కొలతకు దించుతారు. వినడానికి నాటు వైద్యంలా ఉంటుంది కానీ, మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలిచి చేసే పని. నాట్లప్పుడు మోటారు ఆగితే రైతుకు ఒక్కో రోజూ ఒక్కో గండం. పట్నం నుంచి విడిభాగం వచ్చేదాకా పొలం ఆగదు. అందుకే ఆ సీజన్‌లో లేత్ మేస్త్రీకి ఉండే గిరాకీ చిన్నదేం కాదు.

ఇది చూసి, ‘మనమూ ఓ చిన్న లేత్ పెట్టుకుంటే నాలుగు రాళ్లు రావా?’ అనిపించడం సహజం. ఇక్కడే ఆగాలి!

ఎక్కువగా అమ్ముడయ్యే బల్లమీది లేత్ బరువు సుమారు 40 కిలోలు. తిప్పగలిగే వ్యాసం 180 మిల్లీమీటర్లని కాగితం మీద ఉంటుంది. టూల్‌ను మోసే బండికి పైన మిగిలే జాగా చూస్తే అందులో మూడింట రెండొంతులు కూడా ఉండదు. రెండు మొనల మధ్య దూరం 300, 350 మిల్లీమీటర్లు. చక్ వెనక రంధ్రంలో 20 మిల్లీమీటర్లకన్నా లావు కడ్డీ దూరదు. మీటరు పొడవు రోటవేటర్ షాఫ్టు దాని మీద ఎక్కడ పడుకుంటుంది? వంద మిల్లీమీటర్ల ఇనుప బిళ్లను కోయాలంటే నిమిషానికి 95 చుట్లకు దించాలి. అరకిలోవాటు మోటారు చాలావాటిలో ఆ వేగం దగ్గరే నీరసించి ఆగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం బరువు. లేత్ బరువంటే దండగ ఇనుము కాదు, వణకకుండా నిలిపే బలం. తేలిక మిషన్ మీద లోతుగా కోయబోతే టూల్ కీచుమంటుంది, కడ్డీ మీద అలలు లేస్తాయి. పెద్ద లేత్ ఒక్క కోతలో తీసేది చిన్నదాని మీద పది కోతల్లో తీయాలి. ఓపిక ఉన్నవాడికి అది సరదా, కూలి లెక్కేసుకునేవాడికి నష్టం.

అలాగని పాత పెద్ద లేత్ కొనేయడమూ అంత తేలిక కాదు. రాజ్‌కోట్, లూథియానా, బటాలాల్లో తయారైన పాత మిషన్లు చేతులు మారుతూ దొరుకుతాయి. సికింద్రాబాద్ రాణీగంజ్, బాలానగర్ వైపు వాకబు చేస్తే దారి తెలుస్తుంది. అవి వందల కిలోలు, వాటికి గట్టి కాంక్రీటు నేల కావాలి. చాలావాటికి త్రీఫేజ్ కరెంటు కావాలి. కొత్త రంగు చూసి మోసపోవద్దు. బెడ్ మీద చక్‌కు దగ్గరగా ఉన్న జానెడు భాగాన్ని వేలితో తడిమి చూడాలి. పనంతా అక్కడే జరుగుతుంది కాబట్టి అరుగుదలా అక్కడే. డయల్ గేజ్ ఆనించి, చక్‌లో గట్టి కడ్డీ బిగించి పైకీ కిందికీ ఊపితే బేరింగుల గుట్టు బయటపడుతుంది.

కొత్తదైనా పాతదైనా, మిషన్ ధరతో ఖర్చు అయిపోయిందనుకుంటే పొరపాటే. నాలుగు దవడల చక్, డ్రిల్ చక్, తిరిగే సెంటర్, వెర్నియర్, మైక్రోమీటరు, టూళ్లు, వాటిని సానపట్టే గ్రైండరు... ఇవన్నీ నెమ్మదిగా ఇంకో మిషన్ ధరంత మింగుతాయి. చవగ్గా దొరికిందని పాత బేరింగు ముక్కనో, కమాను పట్టీనో బిగిస్తే టూల్ మొన ఎగిరిపోతుంది. ముందు ఆకురాయితో గీసి చూడాలి. జారిపోతే పక్కన పెట్టేయాలి.

అన్నట్టు, ఈ జిల్లాలోనే బయ్యారం ఉంది. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు, ఆ చుట్టుపక్కలే ఇనుప రాతి గుట్టలు. అప్పట్లో బయ్యారం ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలు చూడాలని 2014 రాష్ట్ర విభజన చట్టంలోనే రాశారు. ఇనుప గుట్ట నీడలో ఉన్న లేత్ మేస్త్రీకి కడ్డీ మాత్రం బయటినుంచి లారీలో దిగాల్సిందే!

కండువా తీశాకే...

మేస్త్రీల దగ్గర నేర్చుకోవాల్సింది మొదట కోత కాదు, భయం. తిరిగే చక్ దగ్గర కండువా, వదులు చొక్కా చేతులు, జడ, చేతిగడియారం, ఉంగరం ఉండకూడదు. గ్లౌజులు రక్షణ అనుకుంటారు. లేత్ దగ్గర అవే ప్రమాదం. గుడ్డ చిక్కితే చేయి కూడా వెళుతుంది. ఎగిరిపడే చుట్టలను చేత్తో లాగకూడదు, కొక్కెంతో తీయాలి. చక్ బిగించే తాళంచెవిని వేసి మరిచిపోయి స్విచ్చి నొక్కితే అది తుపాకీ గుండే. పిల్లలున్న ఇంట్లో మిషన్‌కు ప్లగ్గు తీసేసి ఉంచడం అలవాటు చేసుకోవాలి. పద్ధతిగా నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు ఐటీఐల్లో రెండేళ్ల టర్నర్ కోర్సు ఉంది. బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది.

బొగ్గు దేశంలో

భూపాలపల్లికి హనుమకొండ మీదుగా వెళితే, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి దగ్గర ఆగాల్సిందే. ఆ నల్లరాతి స్తంభాల మీది గుండ్రటి కట్లను చూసిన ఏ టర్నరైనా ఓ క్షణం నోరు తెరుస్తాడు. చరిత్రకారులు కూడా వీటిని లేత్ మీద తిప్పిన స్తంభాలనే పిలుస్తారు. లోహాన్ని మరలు మరలుగా కోసే నేటి లేత్‌కు మూలపురుషుడైన హెన్రీ మాడ్‌స్లే లండన్‌లో తన మిషన్ చేసింది 1800 ప్రాంతంలో. అంతదాకా చేత్తో పట్టుకున్న టూల్‌ను ఆయన బండికి బిగించి, ఆ బండిని పొడవాటి మరతో నడిపించాడు. ఇప్పుడు బల్లమీద తిరిగే చిన్న లేత్‌లోనూ ఉన్నది ఆ ఏర్పాటే.

ములుగు దాటి భూపాలపల్లి చేరేసరికి పని కొలత పూర్తిగా మారిపోతుంది. సింగరేణి గనులు, బొగ్గు లారీలు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. అక్కడి టర్బైన్ ఇరుసు నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంది. చిన్న లేత్ గరిష్ఠ వేగం కూడా దానికి కాస్త అటూ ఇటూనే. కానీ ఒకటి వేళ్లంత కడ్డీని తిప్పుతుంది, రెండోది లక్షల ఇళ్లలో దీపాన్ని వెలిగిస్తుంది. రెండింటికీ కావాల్సింది ఒకటే: ఇరుసు నడిమధ్య నుంచి వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా తిరగడం.

అదే మండలంలో గణపురం కోటగుళ్లు. రాతి ప్రహరీ మధ్య ఇరవై రెండు గుళ్ల సమూహం, చాలామటుకు శిథిలాలు. పక్కనే గణపసముద్రం చెరువు. సాయంత్రం ఎండ వాలినప్పుడు వెళితే బాగుంటుంది. జనగామ, మహబూబాబాద్‌లకు రైళ్లున్నాయి. భూపాలపల్లికి మాత్రం హనుమకొండ నుంచి బస్సే దిక్కు. పెంబర్తిని పొద్దున్నే పెట్టుకుని, ఓ ఇత్తడి దీపం కొనేటప్పుడు దాని కాడను గోటితో తడిమి చూడండి. సన్నటి గుండ్రటి గీతలు తగిలితే అది లేత్ మీద తిరిగింది, చిన్న చిన్న నొక్కులు తగిలితే సుత్తి కింద పుట్టింది.